30-30 వించెస్టర్

30-30 వించెస్టర్ (థర్టీ-థర్టీ అని పలుకుతారు) అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జింకల వేటకు విరివిగా వాడే ఒక తూటా. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నమూనా లీవర్ యాక్షన్ రైఫిలు కొరకు వించెస్టర్ కంపెనీ దీనిని 1895లో విడుదల చేసినది. ట్రిగ్గరు చుట్టూ ఉండే పిడిని క్రిందికి లాగి తిరిగి పైకి తెస్తే, ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా గొట్టములోనికి చేరే తుపాకిని లీవర్ యాక్షన్ రైఫిలు అంటారు. కౌబాయ్ సినిమాలలో తరచుగా కనిపించేది ఈ రకమే.

పేరు

వించెస్టర్ పెట్టిన అసలు పేరు .30 డబ్ల్యు.సి.ఎఫ్. పోటీదారు పేరును తన తుపాకులపై చెక్కడం ఇష్టంలేని మార్లిన్ కంపెనీ దీనిని 30-30 అన్నది; ఆ పేరే నిలిచిపోయినది. మొదటి 30 తుపాకి గొట్టపు వ్యాసమును అంగుళంలో నూరవ వంతులలో తెలుపుతుంది. రెండవది తొలినాళ్ళలో నింపిన పొగరాని మందు బరువు, గ్రెయిన్లలో. ఒక గ్రెయిను సుమారు 0.065 గ్రాములు. ఇప్పటి తూటాలలో మందు సరిగ్గా అంతే ఉండాలని లేదు.

గుండు మొన ఆకారం

తూటా అంటే ఇత్తడి తొడుగు, అందులోని మందు, అడుగున దానిని అంటించే ప్రైమరు, ముందు బిగించిన గుండు - ఈ నాలుగూ కలిసినది. తూటా ఎంపికలో అన్నిటికంటె ముందు చూడవలసినది గుండు మొన. ఈ రైఫిళ్ళలో చాలావాటికి గొట్టము క్రింద మరొక సన్నని గొట్టము మ్యాగజైనుగా ఉంటుంది. అందులో తూటాలు ఒకదాని వెనుక ఒకటి, వెనుకదాని మొన ముందుదాని ప్రైమరును తాకుతూ నిలుస్తాయి. మొన సూదిగా, గట్టిగా ఉంటే తుపాకి వెనక్కు తన్నినపుడు అది ప్రైమరును పొడిచి, తూటా మ్యాగజైనులోనే పేలవచ్చును. తుపాకి పట్టిన చేయి సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుచేత 30-30 గుండ్లను బల్లపరుపు లేదా గుండ్రని మొనతో చేస్తారు.

ఈ మొనకు గాలి నిరోధం ఎక్కువ. 150 గ్రెయిన్ల గుండు 200 గజాలు పోయేసరికి దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. హోర్నడీ కంపెనీ 2006 ప్రాంతంలో మెత్తని, వంగే ప్లాస్టిక్ మొన గల 160 గ్రెయిన్ల గుండును ప్రవేశపెట్టి ఈ చిక్కును కొంత తీర్చినది. అయితే ఏ సూది మొన గుండైనా పనికివస్తుందని దీని అర్థం కాదు. శావేజ్ 99, బ్రౌనింగ్ బి.ఎల్.ఆర్. వంటి లీవర్ రైఫిళ్ళకు మ్యాగజైను నిర్మాణము వేరు కనుక వాటికి ఈ కట్టుబాటు లేదు.

బరువు, నిర్మాణం

అంగళ్ళలో ఎక్కువగా దొరికేవి రెండు బరువులు. 150 గ్రెయిన్లది (9.7 గ్రాములు) సెకనుకు సుమారు 728 మీటర్ల వేగంతోను, 170 గ్రెయిన్లది (11 గ్రాములు) సుమారు 670 మీటర్ల వేగంతోను బయలుదేరుతాయి. తేలికది కొంచెం నిటారుగా పోతుంది, బరువైనది లోతుగా దిగుతుంది. తెల్లతోక జింకకు రెండూ చాలును. దీనిపై వేటగాళ్ళు చేసే వాదోపవాదాలకు అంతు లేదు గాని, ఫలితంలో తేడా స్వల్పమే.

నిర్మాణము అంతకంటె ముఖ్యం. మొన వద్ద సీసము బయటకు కనిపించే మెత్తని గుండు శరీరములో విచ్చుకొని జంతువును త్వరగా చంపుతుంది. పూర్తిగా లోహపు తొడుగు ఉన్నది విచ్చుకోకుండా దూసుకుపోతుంది. గాయపడిన జింక చాలా దూరం పారిపోయి గంటల తరబడి బాధపడి చనిపోవచ్చును. అందుకే పెక్కు రాష్ట్రాలలో అటువంటి గుండ్లతో జింకలను వేటాడడం నిషిద్ధము. దూరం 150 గజాలు దాటితే ఈ తూటాతో కాల్చకపోవడమే మేలు. ఒకే బరువైనా ఒక్కొక్క కంపెనీ తూటా ఒక్కొక్క చోట తగులుతుంది. గురి సరిచూసుకున్న తూటానే వేటకు తీసుకుపోవాలి.

సీసపు గుండు చిట్లినపుడు సూక్ష్మమైన ముక్కలు మాంసములో చేరతాయి. అడవిలో వదిలిన పేగులను తిన్న కాండర్ రాబందులు సీసపు విషంతో చనిపోతున్నందున, కాలిఫోర్నియా వేటలో సీసపు తూటాలను 2019 జూలై 1 నుండి పూర్తిగా నిషేధించినది. అక్కడ సీసము లేని గుండ్లు వాడాలి.

చట్టములు

కొన్ని రాష్ట్రాలు జింకల వేటకు మెడ సన్నబడని తిన్నని తొడుగు తూటాలనే అనుమతిస్తాయి. 30-30 తొడుగు మెడవద్ద సన్నబడుతుంది. అట్టి చోట్ల కొరకు రెమింగ్టన్ 2023లో .360 బక్‌హామర్ అనే తూటాను తెచ్చినది.

హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై అమెరికాలో ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టము సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు కలదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారం జింకల వేట నేరము.