దారి మార్చే సముద్రం

వంతెన కింద నీళ్లు ఉత్తరానికి ఉరకలేస్తుంటాయి. సుడులు తిరుగుతూ, రాతిగట్లను ఒరుసుకుంటూ కొండవాగులా పరుగులు తీస్తాయి. ఉన్నట్టుండి వడి తగ్గుతుంది. సుడులు విడిపోతాయి. కొన్ని నిమిషాలు నీరు కదలక మెదలక నిలుస్తుంది. ఆపైన దక్షిణానికి మళ్లి మళ్లీ పరుగందుకుంటుంది. ఇదంతా సముద్రపు నీరే!

గ్రీసులో, ఏథెన్స్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న హల్కిడా పట్టణంలో నిత్యం జరిగే వింత ఇది. ఎవియా ద్వీపం ప్రధాన భూభాగాన్ని దాదాపు తాకే చోట వెలసిన ఊరది. రెంటి నడుమ ఎవ్రిపోస్ జలసంధి. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు 40 మీటర్లే.

సముద్రపు పోటు జలసంధి దక్షిణ ముఖానికి ముందుగా చేరుతుంది. ఉత్తర ముఖానికి చేరాలంటే పొడవాటి ఎవియాను చుట్టి రావాలి. అందుకు గంటకు పైగా ఆలస్యమవుతుంది. ఈలోగా రెండు వైపులా నీటిమట్టంలో తేడా వస్తుంది. ఎత్తున్న వైపు నుంచి పల్లానికి నీరు దూకుతుంది. దాదాపు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది. అష్టమి చంద్రుడి రోజుల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకదానికొకటి లంబంగా పనిచేసి పోటు బలహీనపడగానే గాలిదీ, వాతావరణ పీడనానిదీ పైచేయి అవుతుంది. అప్పుడు ప్రవాహం ఒకే రోజు ఎన్నోసార్లు అటూ ఇటూ మళ్లుతుంది.

ఈ చిక్కుముడి విప్పలేక అరిస్టాటిల్ ఇందులోనే దూకి ప్రాణం తీసుకున్నాడని తరువాతి కాలంలో ఓ కథ పుట్టింది. అది కట్టుకథే. అయితే ఆయన తల్లి పుట్టిన ఊరు ఇదే. క్రీ.పూ. 322లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. 20వ శతాబ్దంలో గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త ఎగినితిస్ ఈ ప్రవాహాల గుట్టును శాస్త్రీయంగా వివరించాడు.

ఈ ఇరుకు నీరే ఊరికి బలమైంది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఇక్కడి నావికులు ఇటలీ, సిసిలీ తీరాల్లో వలసలు నెలకొల్పారు. వారు వాడిన లిపి రూపమే కాలక్రమంలో లాటిన్ అక్షరాలకు మూలమైంది. క్రీ.పూ. 411లో ఏథెన్స్‌పై ఎవియా తిరగబడ్డాక, రెండు గట్ల నుంచీ కట్టలు పోసి, ఒక్క ఓడ పట్టేంత సందు మాత్రం వదిలి తొలి వంతెన కట్టారు. ఎన్నో శతాబ్దాల తర్వాత ఊరిని వెనీషియన్లు ఏలారు. 1470లో ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మెహ్మెద్ ఊరిని గెలుచుకున్నాడు.

1684లో ఒట్టోమన్లు కట్టిన కరబాబా కోట నేటికీ ఎదుటి కొండమీద నిలిచి ఉంది. దాని బురుజుల నుంచి ఊరూ, వంతెనా, రెండు వైపులా పరుచుకున్న సముద్రమూ ఒకే చూపులో అందుతాయి. దక్షిణాన కొద్ది దూరంలో ఔలిస్ ఉంది. ట్రాయ్ యుద్ధానికి బయలుదేరిన గ్రీకుల ఓడలు గాలి కోసం అక్కడే నిరీక్షించాయని పురాణం. 1962 నాటి పాత వంతెన ఓడల కోసం పక్కకు జరిగి దారి ఇస్తుంది. నీరు శాంతించే వేళ చూసుకునే ఓడలు దాటుతాయి. ఇంజిన్లు ఎంత బలమైనవైనా ఇక్కడ ముహూర్తం పెట్టేది సముద్రమే.

హల్కిడాకు వెళ్లేవారు తిథి చూసుకుని వెళ్లడం మంచిది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి వడి కనువిందు చేస్తుంది. అష్టమి వేళ దాని చపలత్వం కనిపిస్తుంది. ఎప్పుడు వెళ్లినా గట్టుమీద ఒక పూటైనా గడపాలి. పోక ఒక్కటే చూసి వచ్చేస్తే సగం వింతే చూసినట్టు!