ట్యాగ్ మీద సగం ధర.. అసలు లెక్క మీ చేతిలో!

మెట్‌పల్లి బస్టాండులో పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కే వాళ్లలో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు. బ్యాగులో ఇస్త్రీ నలగకుండా మడతపెట్టిన ఒకే ఒక్క మంచి చొక్కా. మీరూ వాళ్లలో ఒకరైతే, ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే ఓ ప్రశ్న ఎదురవుతుంది. రోజూ ఆఫీసుకి ఏం వేసుకోవాలి? పక్క సీటులో అందరూ బ్రాండెడ్ దుస్తుల్లో కనిపిస్తారు. మాల్‌లో అలాంటి చొక్కా ధర చూస్తే మూడు వేలు! మన దగ్గర చాలా ఇళ్లలో ఆ మూడు వేల వెనక అమ్మ చుట్టిన బీడీలో, నాన్న గల్ఫ్‌లో పడ్డ కష్టమో ఉంటుంది. చెయ్యి వెనక్కి వస్తుంది. అప్పుడే దోస్తు ఒకడు చెబుతాడు.. 'ఔట్‌లెట్‌కి పోదాం పద, సగం ధరకే వస్తది' అని.

వస్తుంది, అబద్ధం కాదు. కానీ దేనిలో సగం? అది తెలిసి వెళ్తేనే మీ డబ్బు మిగులుతుంది.

అన్నీ ఒకే సరకు కాదు

ఔట్‌లెట్ అంటే మొదట్లో ఫ్యాక్టరీ పక్కనే ఉండే చిన్న దుకాణం. మిగిలిపోయినవీ, చిన్న లోపాలున్నవీ అక్కడ తక్కువకు అమ్మేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, రెడింగ్ పట్టణంలో 1970ల్లో ఇలాంటివన్నీ ఒకేచోట చేరి ఔట్‌లెట్ మాల్ అయ్యాయి. ఇప్పుడు అక్కడున్న మనవాళ్లు సెలవులకు ఇంటికొస్తూ తెచ్చే హ్యాండ్‌బ్యాగులు, చేతి గడియారాల్లో చాలావరకు ఔట్‌లెట్లలో కొన్నవే.

అయితే గిరాకీ పెరిగేకొద్దీ మిగులు సరకు సరిపోలేదు. కొన్ని బ్రాండ్లు ఔట్‌లెట్ల కోసమే విడిగా బట్టలు కుట్టించడం మొదలుపెట్టాయి. అవి ఏనాడూ పెద్ద షోరూమ్ గడప తొక్కినవి కావు. మరి వాటి ట్యాగ్ మీద కొట్టేసిన 'పాత ధర' ఎక్కడిది? 2014లో అమెరికా చట్టసభ సభ్యులు నలుగురు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ రాసి, ఈ తీరుపై దృష్టి పెట్టమని కోరారు.

కాబట్టి ఎక్కడికి వెళ్లినా ఔట్‌లెట్‌లో నాలుగు రకాల సరకు ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి. పోయిన సీజన్‌లో మిగిలినవి, ఒకటి రెండు సైజులే మిగిలినవి, చిన్న లోపమున్నవి, ఔట్‌లెట్ కోసమే తయారైనవి. మొదటి రెండూ మీకు అసలైన బేరం. మూడోది లోపం ఎక్కడుందో తెలిసి కొంటే పర్వాలేదు. నాలుగోదాన్ని డిస్కౌంట్ చూసి కాదు, బట్ట చూసి కొనాలి.

ఎక్కడికి, ఎప్పుడు?

హైదరాబాద్‌లో ఔట్‌లెట్లు అంటే ఒకే పెద్ద మాల్ అనుకోవద్దు. కొంపల్లి, కూకట్‌పల్లి, అత్తాపూర్ లాంటి చోట్ల రోడ్డు వెంట విడివిడిగా ఉంటాయి. ఆర్మూర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో వచ్చేవాళ్లకు నగరం మొదట్లోనే కొంపల్లి తగులుతుంది. జేబీఎస్‌లో దిగేవాళ్లు మెట్రో ఎక్కితే కూకట్‌పల్లి సులువు. అమ్మాయిలకు మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. మిగిలినవాళ్లు రానుపోను చార్జీలు కూడా చొక్కా ధరలో కలుపుకోవాల్సిందే. బట్టల కోసమే ప్రత్యేకంగా వెళ్లకుండా, ఇంటర్వ్యూకో, పరీక్షకో వెళ్లినప్పుడు ఓ పూట కేటాయించుకుంటే మేలు.

సీజన్ ముగింపు అమ్మకాలు సాధారణంగా జూన్, జులైల్లో ఓసారి, డిసెంబరు, జనవరిల్లో మరోసారి వస్తాయి. అప్పుడు మామూలు షోరూమ్‌లోనూ ధరలు దిగుతాయి. ఔట్‌లెట్ ధరతో పోల్చి చూడండి.

కాగితం మీద లెక్క

'50 శాతం, దానిపై మరో 20 శాతం' అని బోర్డు ఉంటే 70 శాతం తగ్గినట్టు కాదు. 2,000 రూపాయల చొక్కా సగానికి 1,000 అవుతుంది. అందులో 20 శాతం పోతే 800. అంటే తగ్గింది 60 శాతమే.

'రెండు కొంటే రెండు ఉచితం' ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక్కోటి 2,999 అనుకుంటే నాలుగు చొక్కాలకు 5,998 కట్టాలి. ఒక్కోటి 1,500 పడ్డట్టే. చవకే! కానీ మీకు కావాల్సింది ఒక్కటే అయితే జేబులోంచి దాదాపు ఆరు వేలు పోయినట్టు. 'అప్‌టు' అనే చిన్న అక్షరాలనూ వదలొద్దు. బోర్డు మీది 70 శాతం ఒక్క మూలనున్న స్టాండుకే పరిమితం కావొచ్చు.

ఇంటి దగ్గరే జాబితా రాసుకుని వెళ్లండి. కొత్త ఉద్యోగానికి రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు లేదా కుర్తీలు, ఒక జత బూట్లు చాలు. జాబితాలో లేనిది ఎంత చవకైనా అది ఖర్చే.

వెలుతురులో చూడండి

ధర కన్నా ముందు లోపలి లేబుల్ చదవండి. నూలు ఎంత, పాలిస్టర్ ఎంత ఉందో చూడండి. మన ఎండలకు ఇది ముఖ్యం. తర్వాత తిరగేసి కుట్లు చూడండి. జిప్పు నాలుగుసార్లు లాగండి. గుండీలు లెక్కపెట్టండి. దుకాణంలోని లైట్ల కింద మరక కనిపించదు, గుమ్మం దగ్గరి వెలుతురులో పరీక్షించండి. లేబుల్ కత్తిరించి ఉన్నా, ధర మీద ధర అంటించి ఉన్నా కారణం అడగండి.

తొడుక్కుని చూడకుండా కొనొద్దు. భుజాలు సరిపోతే నడుము, పొడవు మన ఊరి దర్జీ సరిచేస్తాడు. భుజాలే సరిపోకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

బిల్లు దగ్గర మొహమాటం వద్దు

ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దానిపై డిస్కౌంట్ ఇచ్చి, తగ్గిన ధర మీద మళ్లీ పన్ను వేస్తే ప్రశ్నించండి. ఇలా చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే ఓ కేసులో తేల్చింది. 2,999 చొక్కాకి సగం తగ్గింపు అంటే బిల్లు 1,500 దాటకూడదు.

'అమ్మిన సరకు వాపసు తీసుకోం' అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గొద్దు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. వినకపోతే 1915కి ఫోన్ చేయండి. బిల్లు పారేయకుండా అదే రోజు ఫొటో తీసి పెట్టుకోండి.

మన ఊళ్లో ఉన్నది మరవొద్దు

ఒక మాట. ఔట్‌లెట్లలో దొరికేవి ఎక్కువగా బ్రాండెడ్ రెడీమేడ్లే. పేరున్న డిజైనర్ల దుస్తులు అక్కడికి రావడం అరుదు. 'మహానటి' సినిమా దుస్తులకు జాతీయ పురస్కారం పంచుకున్న ముగ్గురిలో ఒకరైన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా చేనేతకు, ఖాదీకి పెట్టింది పేరు. అదే ఖాదీకి మన మెట్‌పల్లి కూడా పెట్టింది పేరు. గాంధీ జయంతి వేళ ఖాదీపై రాయితీ ఉంటుంది. అప్పుడు బట్ట తీసుకుని, మంచి దర్జీతో మీ కొలతలకు కుట్టించుకున్న చొక్కా ఇంటర్వ్యూ గదిలో దేనికీ తీసిపోదు. ఔట్‌లెట్‌లో కొనబోయే ముందు దీని ఖర్చూ ఓసారి లెక్కేసి పక్కన పెట్టుకోండి. ఏది తక్కువైతే అది కాదు, ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో అదే మీది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ కాలర్ వెనకున్న పేరు చదవరు. శుభ్రంగా ఉందా, ఒంటికి సరిపోయిందా, అందులో మీరు ఇబ్బంది లేకుండా కూర్చున్నారా.. చూసేది అంతే. మిగిలిన డబ్బుతో ఈసారి ఇంటికొచ్చేటప్పుడు అమ్మకో చీర తెండి. దాని బిల్లు కూడా చూసే కట్టండి!