జీరో టికెట్‌పై సింగూరు దాకా

తెల్లారి నాలుగింటికే నాగల్‌గిద్దలో పదకొండు ఇళ్లలో పొయ్యిలు వెలిగాయి. జొన్నరొట్టెలు, పల్లీల కారం, పెరుగన్నం మూటలు కట్టారు. పొదుపు సంఘం ఆడవాళ్లంతా కలిసి సింగూరు చూడబోతున్నారు మరి! ఇంట్లో వాళ్లకి రెండు పూటలకూ వండి మూతపెట్టాకే బయల్దేరారనుకోండి. అది వేరే చెప్పాలా?

వాళ్లతో నేనూ వెళ్లాను.

ఆస్పత్రికో, పెళ్లికో, చావుకో తప్ప బస్సెక్కని వాళ్లే ఎక్కువ. "ఏం పనుందని పోతున్నవ్?" అన్నాడట ఒకావిడ భర్త. "నువ్వు పోయిననాడు నేనడిగిన్నా?" అని ఆవిడ చెబుతుంటే బస్సంతా నవ్వులే. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక, ఆధార్ చూపిస్తే చాలు, జీరో టికెట్. ఖర్చు సాకు పోయింది. నిజానికి వీళ్లకి బీదరే దగ్గర. కానీ సరిహద్దు దాటితే మన జీరో టికెట్ చెల్లదు. కర్ణాటకలో ఉన్న ఉచిత ప్రయాణం అక్కడి ఆడవాళ్లకే.

నారాయణఖేడ్‌లో బస్సు మారి జోగిపేట చేరాం. అక్కడి నుంచి ఆటోలు. ఆటోవాళ్ల దగ్గర జీరో టికెట్ నడవదు కదా! పావుగంట బేరం.

కట్ట మీదికెక్కగానే మాటలాగిపోయాయి. "అబ్బ, సముద్రం లెక్కుంది" అందొకమ్మాయి. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక దాటి వచ్చే మంజీర ఇక్కడ దాదాపు 30 టీఎంసీల దాకా నిలుస్తుంది. హైదరాబాద్ కుళాయిల్లోకి వెళ్లేదీ ఈ నీళ్లే. ఎండాకాలం బిందె పట్టుకు తిరిగిన వాళ్లకి ఆ మాట ఊరికే మింగుడుపడుతుందా?

అందరూ ఫొటోలు దిగుతుంటే అవ్వ ఒక్కతే రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. ఆవిడ పుట్టినూరు ఈ నీళ్ల కిందే ఉంది. పెళ్లయి నాగల్‌గిద్దకి వచ్చిన కొన్నేళ్లకి, 1980ల చివర్లో, ఊరు మునిగింది. అన్నదమ్ములు తలో దిక్కూ పోయారు. 2016 కరువులో నీళ్లు అడుగంటి గుడి మెట్లు తేలాయని ఎవరో చెప్పారట. "తీస్కపొమ్మని కొడుకునడిగిన. పనున్నదన్నడు. గంతల్నే వానలు పడ్డయి."

"మీ ఊరెటుంటది అవ్వా?" అనడిగాను. చాలాసేపు చూసి, దూరంగా నీళ్ల మీదికి చెయ్యి చూపింది. అంతలోనే దించేసి, "ఎరుకైతలేదు బిడ్డా. అంతా ఒక్కతీరే ఉన్నది" అంది.

రొట్టెలు విప్పితే ముందు అవ్వకే పెట్టారు. సగం తుంచి నీళ్లలోకి విసిరింది. ఎవరూ ఏమీ అడగలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి, తిరిగొచ్చే బస్సుల వేళలు ముందే కనుక్కోండి. పిల్లల్ని మాత్రం నీళ్ల దగ్గరికి వదలొద్దు. మంజీరలో మొసళ్లున్నాయి.