ట్రంపెట్ పక్కన పెట్టి స్టీరింగ్ పట్టాడు

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరారా? సివిల్ పట్టా చేతిలో ఉన్నా బ్యాంకు పరీక్షలు రాస్తున్నారా? అయితే ‘చదివిందొకటి, చేసేదొకటి’ అనే చుట్టాల మాట మీకు కొత్తేం కాదు. ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు, కాస్త మర్యాదగా. జానీ క్లేస్‌ని అడిగి ఉంటే ఏం చెప్పేవాడో!

1916లో లండన్‌లో పుట్టాడు. నాన్నది బెల్జియం, అమ్మది స్కాట్లాండ్. జాజ్ ట్రంపెట్ వాయించేవాడు, సొంత బ్యాండ్ కూడా నడిపాడు. దాని పేరు ‘క్లే పీజియన్స్’. షూటింగ్ పోటీల్లో గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని ఇంగ్లిష్‌లో అలాగే పిలుస్తారు. ఇంటిపేరును భలే ఇరికించాడు కదూ!

మరి రేసుల్లోకి ఎలా వచ్చాడు? 1947 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిలో బ్రిటిష్ డ్రైవర్లకు దుబాసీగా వెళ్లాడు. అంతే! మనం రెజ్యూమెలో అట్టడుగున ‘తెలిసిన భాషలు’ అని రాసి వదిలేస్తామే, ఆయన్ని ట్రాక్ దగ్గరికి చేర్చింది ఆ లైనే. తర్వాత సొంత కారుతో బరిలో దిగాడు. ఆ స్తోమత అందరికీ ఉండదనుకోండి, అది ఒప్పుకోవాల్సిందే.

1950 మే 13న సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ మొట్టమొదటి రేసు జరిగింది. అందులో పసుపు రంగు టాల్బోట్ లాగో నడిపాడు క్లేస్. బెల్జియం కార్లకు అప్పట్లో అదే రంగు. పదకొండో స్థానంలో వచ్చాడు. మొత్తం 23 ఛాంపియన్‌షిప్ రేసులు నడిపితే వచ్చిన పాయింట్లు... సున్నా. ఆ రోజుల్లో స్థానాన్ని బట్టి ఇచ్చే పాయింట్లు మొదటి ఐదుగురికే దక్కేవి. ఇక్కడితో ఆపేస్తే ‘హాయిగా ట్రంపెట్ వాయించుకోక’ అనేస్తాం.

కానీ ఆయన బలం వేరే చోట ఉంది. లీజ్-రోమ్-లీజ్ అనే ర్యాలీ ఒకటుండేది. రాత్రీ పగలూ ఆగకుండా, ఆల్ప్స్ కొండల మీదుగా వేల కిలోమీటర్లు. ఇక్కడ ఒక్క ల్యాప్ వేగం కాదు, ఓపిక కావాలి. 1951లో జాగ్వార్ ఎక్స్‌కె120లో, జాక్ ఇక్స్‌తో కలిసి అది గెలిచాడు. (లె మాన్స్ ఆరుసార్లు గెలిచిన జాకీ ఇక్స్‌కి ఈయన తండ్రి.) 1953లో మళ్లీ గెలిచాడు. ఈసారి లాన్సియా కారు. పక్కనున్న డ్రైవర్‌కు ఒంట్లో బాగోకపోవడంతో 50 గంటలకు పైగా దాదాపు ఒక్కడే నడిపాడట. పరీక్ష ముందు రాత్రి నైటౌట్ చేసి మనం చెప్పుకునే గొప్పలు ఇక చాలు!

1955లో లె మాన్స్ 24 గంటల రేసులో జాక్ స్వాటర్స్‌తో కలిసి జాగ్వార్ డి-టైప్‌లో మూడో స్థానం సాధించాడు. 80 మందికి పైగా ప్రాణాలు తీసిన ఘోర ప్రమాదం జరిగింది ఆ రేసులోనే.

1956 ఫిబ్రవరి 3న క్షయతో బ్రస్సెల్స్‌లో కన్నుమూశాడు. వయసు 39. లె మాన్స్‌లో మూడో స్థానం తెచ్చుకుని అప్పటికి ఎనిమిది నెలలు కూడా కాలేదు.