థర్మల్ బూడిదతో ఇల్లు కట్టొచ్చా? గుంతలు పూడ్చొచ్చా?

పాల్వంచ, మణుగూరు వైపు ఇల్లు కట్టేవారికి బూడిద ఇటుక కొత్త కాదు. కొత్తగూడెం (కేటీపీఎస్), భద్రాద్రి (బీటీపీఎస్) విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు మండాక మిగిలే బూడిదే దీనికి ముడిసరుకు. దీని వాడకం ఎంతవరకు క్షేమం?

ఇటుకగా అయితే భయం తక్కువ

బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం వంటివి స్వల్పంగా ఉంటాయి. సిమెంటుతోనో సున్నంతోనో కలిసి గట్టిపడ్డాక అవి బయటికి రావడం బాగా తగ్గుతుంది. అయితే ఇటుకను నీళ్లతో సరిగా తడిపి ఆరనివ్వాలి. లేకపోతే అంచులు పొడిగా రాలతాయి. కొనేముందు ఐఎస్ 16720 ప్రమాణానికి సరిపోతుందో లేదో అడగండి, పరీక్ష నివేదిక చూడండి.

వదులుగా పోస్తేనే ముప్పు

పల్లపు స్థలంలో బూడిద నింపి వదిలేస్తే ఎండాకాలం దుమ్ము లేస్తుంది, వానకు అందులోని లోహాలు భూగర్భ జలంలోకి దిగవచ్చు. మనకు వరద భయం కూడా ఉంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. నది అంచున, వాగు పక్కన పోసిన బూడిద అలాంటి వరదకు నిలవదు.

స్టీలు స్లాగ్ సంగతేమిటి?

బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ను సిమెంటులో ఏళ్లుగా వాడుతున్నారు. ఉక్కు తయారీలో వచ్చే స్లాగ్ వేరు. అందులో మిగిలిన సున్నం తడి తగిలితే ఉబ్బుతుంది. కొన్నాళ్లు మగ్గబెట్టి, పరీక్షించాకే రోడ్లకు వాడాలి. సూరత్ దగ్గర హజీరాలో 2022లో ఇలా శుద్ధి చేసిన స్లాగ్‌తోనే రోడ్డు వేశారు.

చట్టం ఏమంటోంది?

2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం విద్యుత్ కేంద్రాలు బూడిదను నూరు శాతం వినియోగంలోకి తేవాలి. గడువులోగా వాడని బూడిదకు టన్నుకు రూ.1,000 పర్యావరణ పరిహారం కట్టాలి. పల్లాలు పూడ్చడానికి వాడవచ్చు, కానీ కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు పాటించాలి.

మీరు చేయాల్సింది

* బూడిద లారీపై టార్పాలిన్ ఉందో లేదో చూడండి.
* బావి, బోరు, చెరువు పక్కన బూడిద పోయనివ్వకండి.
* పూడ్చిన చోట పైన మట్టి పొర వేయించండి.
* ఎక్కడైనా విడిగా పారబోస్తుంటే తేదీ, చోటు, ఫొటోతో తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒక ప్రతిని పంచాయతీకి కూడా ఇవ్వండి.