పాత కారు లోపలి రంగు

పాత కారును బాగుచేయించి దాని తొలి రూపమునకు తెచ్చుట నేడు కొందరికి అభిరుచి, మరి కొందరికి వృత్తి. యంత్రభాగము అరిగిపోయినచో కొలతలు తీసి మరియొకటి చేయించవచ్చును. రేకు తుప్పు పట్టినచో కత్తిరించి కొత్తరేకు అతికించవచ్చును. రంగు విషయములో ఇంత సులువు లేదు. ఏబది అరువది ఏండ్ల క్రిందట కర్మాగారములో పూసిన రంగు ఎట్లుండెనో చెప్పుటకు సాధారణముగా మిగిలి యుండు సాక్ష్యము ఆ కారు మీది రంగే. ఆ సాక్షి మాటను పరీక్షింపక నమ్మరాదు.

బొంబాయి నగరములోని కుర్లాలో తయారైన ఫియట్ 1100, దాని సంతతియైన ప్రీమియర్ పద్మిని, ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్, మద్రాసు చెంత తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ - ఇవి మన రోడ్లపై ఒకప్పుడు నిత్యము కనబడిన బండ్లు. ఫియట్ 1100 వంటి కార్లలో డాష్‌బోర్డు ఉక్కురేకుతో చేసి రంగు వేసినది. కావున కారు లోపల కూర్చున్నవాని కంటికి మొదట కనబడునది ఆ రంగే. హైదరాబాదులోని చౌమహల్లా భవనములో నిజాముల కాలపు పసుపు వన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ప్రదర్శనలో నున్నది. పసుపు అసఫ్ జాహీ పతాకపు వన్నె. అట్టి కారుకు పూసిన పసుపు కొంచెము ఆకుపచ్చ వైపునకు ఒరిగినను చరిత్రలో ఒక మాట తప్పుగా వ్రాసినట్లే యగును.

రంగు ఎక్కడ నున్నది?

రంగు వస్తువులోనే యున్నదని మనము అనుకొందుము. నిజమునకు దానికి మూడు కావలెను: కాంతి, వస్తువు, కన్ను. సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యము గల కిరణములు మన కంటికి కనబడును. పూతలోని వర్ణకము వానిలో కొన్నిటిని మ్రింగి, కొన్నిటిని త్రిప్పి పంపును. కంటిలోని మూడు విధములగు శంకు కణములు ఆ వచ్చిన కాంతిని గ్రహించి మెదడుకు తెలుపును. ఈ మూడింటిలో ఏది మారినను రంగు మారును. పాత కారు విషయములో వస్తువు ఏండ్ల తరబడి మారుచు వచ్చినది; కాంతి షెడ్డుకొక తీరుగ నున్నది. చిక్కంతయు ఇందే యున్నది.

ఎండ తగిలిన భాగము

డాష్‌బోర్డు పైభాగము ఎప్పుడును ఎండలో నుండును. కిటికీ అద్దములు మూసియున్నను ప్రయోజనము తక్కువ. మామూలు గాజు మిక్కిలి పొట్టి అతినీలలోహిత కిరణములను ఆపును గాని, 340 నానోమీటర్లకు పైబడిన వానిని చాలవరకు లోనికి విడిచిపెట్టును. 340 నానోమీటర్ల కాంతికణము సుమారు 3.6 ఎలక్ట్రాను వోల్టుల శక్తి మోసికొని వచ్చును. రెండు కార్బను పరమాణువుల నడుమనున్న బంధమును తెంచుటకు కావలసిన శక్తియు ఇంచుమించు అంతే. అట్టి కణములు ఏండ్ల తరబడి తగులుచుండ, వర్ణకపు అణువులు కొన్ని విరిగి రంగు వెలిసిపోవును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తు పెరిగిన కొలది అతినీలలోహిత కిరణముల బలము కొంత హెచ్చును. కావున ఎండ చల్లగా తోచినను రంగుపై దాని పని ఆగదు.

అన్ని వర్ణకములు ఒకే తీరున వెలియవు. పుంగనూరు వైపు ఏ యింటి గడపనైన చూడుడు. గడపకు రాసిన పసుపు కొన్నాళ్ళ ఎండకే పాలిపోవును. గోడ అంచున తీర్చిన జాజు ఏండ్లు గడచినను ఎర్రగానే యుండును. పసుపులోని వర్ణద్రవ్యము పెద్ద కార్బను అణువు, కాంతికి తట్టుకొనలేదు. జాజులోనిది ఇనుప ఆక్సైడు, కాంతికి చలింపదు. ఈ రెండు జాతుల వర్ణకములు కలిసిన పూతలో ఒకటి పోయి మరియొకటి నిలుచును. అప్పుడు రంగు పలుచబడుటతో ఆగక మరియొక వన్నెకు మారిపోవును.

దాగిన భాగము

ఇది తెలిసిన పనివారు దాగిన చోట్లు వెదకుదురు. మీటరు బిగింపు వెనుక, సామాను అర లోపల, తలుపు లోపలి అట్ట క్రింద, రబ్బరు బీడింగు అడుగున ఎండ సోకని రంగు దొరకును. అదే తొలి రంగని వెంటనే తీర్మానించుట తొందరపాటు. ఆ కాలపు ఎనామిళ్ళలో వర్ణకమును పట్టియుంచు బంధకముగా అవిసె నూనె వంటి ఆరెడు నూనెలతో చేసిన ఆల్కిడ్ రెసినులు విరివిగా వాడబడినవి. ఇట్టి బంధకము చీకటిలో నుండిన కొలది పసుపెక్కును. తెలుపు దంతపు వన్నె యగును. లేత నీలము ఆకుపచ్చగా తోచును.

అనగా బయటి భాగము వెలిసి మోసపుచ్చును, లోపలి భాగము పసుపెక్కి మోసపుచ్చును. అయితే రెండవ మోసమునకు మందున్నది. చీకటిలో వచ్చిన ఈ పసుపు వెలుతురు తగిలినచో చాలవరకు విరుగును. దాగిన చోటి రంగు గల చిన్న భాగమును ఊడదీసి, సబ్బునీటితో తుడిచి, సగము నల్లకాగితముతో కప్పి, వెలుతురుగల కిటికీ వద్ద ఉంచవలెను. రెండు మూడు దినముల కొకసారి కాగితమెత్తి చూచుచుండవలెను. మొదట తెరచిన సగములోని పసుపుదనము వడిగా తగ్గును. పిమ్మట మార్పు నిలిచిపోవును. అక్కడ ఆపవలెను. అంతకు మించి ఉంచినచో వర్ణకమే వెలియ నారంభించవచ్చును. అప్పుడు కనబడు రంగు కర్మాగారపు రంగునకు మిక్కిలి దగ్గరిది.

రెండు దీపములు, రెండు తీర్పులు

నమూనా సిద్ధమైన తరువాత దానికి జత కలుపవలెను. షెడ్డులో ఎల్.ఇ.డి. దీపము క్రింద అచ్చముగా కలిసిన రంగు ఆరుబయట వేరుగా కనబడుట పెయింటర్లకు తెలిసిన బాధయే. దీనిని మెటామెరిజమ్ అందురు. కంటిలో శంకు కణములు మూడు విధములే గనుక, వర్ణపటములు వేరైనను మూడు కణములకు తగిలిన ప్రేరణలు సమానమైనచో రెండు రంగులు ఒకటే యని మనకు తోచును. దీపము మారగానే ఆ సమానత చెడిపోవును. ఎల్.ఇ.డి. కాంతిలో 450 నానోమీటర్ల దగ్గర నీలపు శిఖరము ఎత్తుగా నుండును; తీగబల్బు కాంతిలో ఎరుపు హెచ్చు; మధ్యాహ్నపు పగటి వెలుతురులో అన్నియు ఇంచుమించు సరిపడ నుండును.

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టు నేతకు పేరు పడినది. పట్టు చీర కొనువారు అంచుకు తగిన రవిక గుడ్డను దుకాణపు దీపము క్రింద చూచి తృప్తిపడక వాకిటిలోనికి తెచ్చి చూతురు. వారు చేయునది మెటామెరిజమ్ పరీక్షయే. కారు రంగునకును అదే న్యాయము. పగటి వెలుతురులో, తీగబల్బు క్రింద, ఎల్.ఇ.డి. క్రింద - మూడింటను కలిసినదే నిజముగా కలిసిన రంగు. ఇందుకు ఉత్తమ మార్గము నమూనాలోని వర్ణకముల వంటి వానినే వాడుట. వర్ణకములు ఒకటైనచో వర్ణపటము ఒకటగును. ఇక ఏ దీపమునకును భయపడ నక్కరలేదు.

మెరుపు చేయు మార్పు

కుప్పము ప్రాంతపు గ్రానైటు దూరదేశముల వరకు పేరు పొందినది. కుప్పం గ్రీన్ అను పేరుతో ఒక రకము వర్తకములో నున్నది. కోసిన రాయి పాలిపోయినట్లుండును. నునుపు పెట్టగానే ముదురు రంగు తేలును. రాయి మారలేదు, దాని ముఖము మారినది. గాలి నుండి వచ్చు కాంతిలో సుమారు నూటికి 4 వంతులు రంగు వరకు పోకుండ ముఖము మీదనే తిరుగును. వక్రీభవన గుణకము 1.5 అయినచో (1.5 – 1)² ÷ (1.5 + 1)² = 0.04 అని విద్యార్థులు లెక్కించుకొనవచ్చును. నునుపు ముఖము ఈ తెల్లని కాంతిని ఒకే దిక్కునకు పంపును. గరుకు ముఖము అన్ని దిక్కులకు చల్లి రంగును పలుచన చేయును. నూటికి 4 వంతులే తిరిగి పంపు నల్లని పూతకు ఈ 4 వంతులు తోడైనచో వెలుగు రెట్టింపగును. నలుపు బూడిదవన్నెగా కనబడును. డాష్‌బోర్డునకు ఎండ మెరుపు డ్రైవరు కంట కొట్టకుండ మెరుపు తక్కువ పూత వేసియుండవచ్చును. కావున రంగుతోపాటు మెరుపును కూడ పోల్చవలెను.

కలుపు లెక్క

రంగులు కలుపుటలో కూడిక లెక్క చెల్లదు. 1931లో కుబెల్కా, ముంక్ అను ఇద్దరు ఒక సూత్రము చెప్పిరి. పూత తిరిగి పంపు కాంతి భాగమును ‘ప’ అనుకొన్నచో, శోషణమునకును చెదరగొట్టుటకును గల నిష్పత్తి (1 – ప)² ÷ 2ప. మిశ్రమములో కూడునది ఈ నిష్పత్తియే. నూటికి 80 వంతులు తిరిగి పంపు తెలుపునకు ఇది 0.025; 4 వంతులు పంపు నలుపునకు 11.52. రెండును కాంతిని సమానముగా చెదరగొట్టునని భావించి 95 పాళ్ళ తెలుపులో 5 పాళ్ళ నలుపు కలిపినచో నిష్పత్తి సుమారు 0.6 అగును, అట్టి మిశ్రమము 35 వంతులే తిరిగి పంపును. 80 నుండి 35కు! అందుచేతనే అనుభవజ్ఞుడు ముదురు రంగును చుక్కలుగా వేయును.

పెద్ద పట్టణములలో స్పెక్ట్రోఫోటోమీటరు అను పరికరముతో నమూనాను కొలుతురు. 1976లో అంతర్జాతీయ కాంతి సంఘము నిర్ణయించిన పద్ధతిలో రెండు రంగుల భేదమును ఒక అంకెగా చెప్పుదురు. అది 1కి లోబడినచో మామూలు కంటికి భేదము తోచుట కష్టము. పరికరము లేనిచోట భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 5 రంగుల పట్టిక ఉపకరించును. అందు ఆకాశనీలము 101, బంగారు పసుపు 356, సిగ్నల్ ఎరుపు 537. కారు రంగు అందులో లేకున్నను, దేనికి దగ్గరనో, ఎటు ఒరిగినదో నిశ్చయముగా చెప్పుటకు వీలగును. పరీక్షపూతను అదే ప్రైమరు వేసిన రేకుముక్కపై పూసి, బాగుగా ఆరిన పిమ్మటనే పోల్చవలెను. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు.

రెండు హెచ్చరికలు

పాత పూతలలో, ముఖ్యముగా పసుపు, ఎరుపు, తుప్పు నివారక పూతలలో, సీసపు సమ్మేళనములు ఉండవచ్చును. పొడిగా గీకినచో ఆ ధూళి ఊపిరితో లోనికి పోవును; బాలురకు అది మరింత హాని, మెదడు ఎదుగుదలను చెరచును. భారతదేశమున 2016 నాటి నియమములు ఇండ్ల రంగులలో సీసమును పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు పరిమితము చేసినవి గాని, అంతకు ముందే పూసిన రంగు అట్లే యున్నది. తడిపి రుద్దవలెను, ముక్కునకు తగిన ముసుగు ధరింపవలెను, షెడ్డులో పని నేర్చుకొను పిల్లలను ఆ చోటికి రానీయరాదు.

రెండవది: కారునంతటిని గీకివేయు ముందు, కంటికి కనబడని ఒకచోట అరచేతి వెడల్పున పాత పూతను అట్లే విడిచిపెట్టవలెను. నేడు మనము కలిపిన రంగు సరియైనదో కాదో రేపు మరియొకడు మేలైన పరికరముతో పరీక్షింపగోరవచ్చును. ఆ అరచేతి ముక్క ఉన్నచో అతడు సరిదిద్దగలడు. అది పోయినచో ఎంతటి పరికరమును పోయిన రంగును తిరిగి చెప్పలేదు.