జానపద గేయాల్లో పక్షి: తిరువూరు సరిహద్దు నుంచి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తిరువూరు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఇక్కడి నుంచి భద్రాచలం వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద కొద్ది దూరం సాగితే ఖమ్మం జిల్లా వస్తుంది. ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్ట రాష్ట్ర పక్షిగా ఉండేది. 2014లో తెలంగాణ దానినే నిలుపుకొన్నది; 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకొన్నది. ప్రభుత్వాల పక్షులు వేరైనా, చిలుకను పిలిచే పాట సరిహద్దుకు రెండు వైపులా ఉన్నది. ఆ పాటలోని పక్షిని కేవలం అలంకారంగా చదివితే సగం అర్థం జారిపోతుంది. గేయాన్ని దానిని పుట్టించిన పంటతో, పనితో కలిపి చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

హంస నుంచి చిలుకకు

శిష్టకావ్యాల్లో రాయబారం ప్రధానంగా హంసది. శ్రీనాథుని శృంగార నైషధంలో నలదమయంతుల నడుమ తిరిగేది హంస. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలో శుచిముఖి అదే పనిని మరింత నేర్పుగా నిర్వహిస్తుంది. జానపదుల నోట ఈ బాధ్యత చిలుకకు సంక్రమించింది. పల్లెవాసులకు హంస కంటికి కనబడే పక్షి కాదు. చిలుక పెరటి జామచెట్టు మీదే ఉంటుంది, నేర్పితే పలుకుతుంది కూడా. భద్రాచల రామదాసు పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించినందుకే గోలకొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గాడని ఐతిహ్యం. చిలుక బాధను రోజుకు ఏడాది చొప్పున లెక్కగట్టిన కథ అది. (1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేడు రామచిలుకను పంజరంలో ఉంచడం నేరం. జానపదులు ఆ శిక్షను ముందే విధించారు.)

జానపద గేయం పక్షితో వరుస కలుపుతుంది: చిలకమ్మ, కాకమ్మ, పిచ్చుకమ్మ, కోయిలమ్మ. కోయిల విషయంలో ఒక విశేషం ఉన్నది. వేసవి మామిడితోటలో గొంతెత్తి కూసేది నల్లని మగపక్షి. గోధుమవన్నె మీద మచ్చలున్న ఆడపక్షి అరుపు వేరు. అయినా పాట ఆ కూతను స్త్రీ గొంతుగానే స్వీకరించింది. నాట్లలోను, దంపుళ్ళలోను పాడినవారు ఎక్కువగా స్త్రీలే. తమ గొంతును వారు కోయిలకు ఇచ్చారని నా అభిప్రాయం.

మంచె మీది పాట

రాయబారానికి బతిమాలే ఈ చిలుకే చేనిలో దొంగ. జొన్నకంకి పాలుపోసుకొన్న నాటి నుంచి కోత దాకా చేనుకు కావలి తప్పదు. నాలుగు గుంజల మీద మంచె, చేతిలో వడిసెల, ఒడిలో రాళ్ళు. ప్రొద్దున, సాయంత్రం పక్షుల దాడి ఎక్కువ. మధ్యాహ్నం కొంత విరామం. చిలుక తినేదానికంటే కొరికి రాల్చేది అధికం కనుక రైతుకు దానిమీద కోపం సహజం. దానిని తోలడానికి పెట్టే కేక పొడవైన అచ్చుతో సాగుతుంది. పక్క చేని మంచెకు వినబడాలి, అక్కడి నుంచి బదులు రావాలి. ఒంటరి పనిలో ఆ కేకే క్రమంగా రాగమవుతుంది. తరిమే నోటితోనే ‘అమ్మా’ అని పిలవడంలోని వైరుధ్యం ఇక్కడ పుట్టింది. పక్షి మీద కోపమూ, దినమంతా తోడున్నది ఆ పక్షి ఒక్కటేనన్న స్పృహా ఒకే పాటలో కలిసి ఉంటాయి. అచ్చులో పదాలను మాత్రమే చదివేవారికి ఇందులో ముద్దే కనబడుతుంది, వడిసెల కనబడదు.

పంట మారినప్పుడు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు, పత్తి, మామిడి తోటలు ఈ ప్రాంతపు సాగును మార్చాయి. పత్తిని పిట్ట తినదు. కావలి అక్కరలేని చేనిలో కావలిపాటకు చోటు లేదు. మొక్కజొన్న మీద చిలుకలు నేటికీ వాలుతున్నా, వాటిని బెదరించే పనిని మెరిసే రిబ్బన్లూ టపాకాయలూ చేస్తున్నాయి. పాట అంతరించడానికి సినిమానూ రేడియోనూ నిందించడం మనకు అలవాటు. ఈ పాటల విషయంలో అసలు కారణం పని పోవడమే.

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన నాటి నుంచి ఈ రంగంలో సేకరణ విస్తృతంగా జరిగింది. శ్రామిక గేయాలు, స్త్రీల పాటలు, పిల్లల పాటలు అనే విభజన వల్ల పక్షి పాటలు మూడు చోట్లకు చెదరిపోయాయి. ‘పిట్ట’ అని రాసుకొన్న చోట అది గిజిగాడా, పిచ్చుకా, చిలుకా, గోరింకా అన్నది తెలియకపోతే ఏ పంట, ఏ నెల, ఏ పూట అన్నదీ తెలియదు. వడిసెల తిప్పిన అనుభవం ఉన్నవారు ఇప్పుడు వృద్ధులు. తిరువూరు చుట్టుపట్ల ఊళ్ళలో పాటను రికార్డు చేసే పరిశోధకులు పాట ముగిశాక పక్షి పేరు, పంట పేరు, కావలి కాచిన నెల కూడా అడిగి అదే పుటలో నమోదు చేయాలి. వీలైతే కేకను కూడా పాటతో పాటే రికార్డు చేయాలి.